హాబ్స్, లాక్ ఇద్దరిదీ ఒప్పందమే కదా, తిరగబడే హక్కు లాక్‌లోనే ఎందుకు? – సమాధానం

హాబ్స్, లాక్ 17వ శతాబ్దపు ఇంగ్లిష్ తత్వవేత్తలు. జనం ఒప్పుకోవడం వల్లే రాజ్యాధికారం పుట్టిందన్నది (సామాజిక ఒప్పందం) ఇద్దరి వాదన. తికమక ప్రకృతి స్థితి (ప్రభుత్వమే లేని స్థితి) దగ్గర కాదండీ, ఒప్పందం ఎవరెవరి మధ్య అన్న దగ్గర.

1. హాబ్స్ (లెవియాథన్, 1651): జనం ఒకరితో ఒకరు ఒప్పుకుంటారు. సార్వభౌముడు (సర్వాధికారాలున్న పాలకుడు) ఆ ఒప్పందంలో లేనే లేడు. మాటే ఇవ్వనివాణ్ణి మాట తప్పాడని ఎలా అంటాం? అందుకే అతనిపై తిరగబడే హక్కు లేదు. అందరూ వదిలేసేది ఈ ముక్కే. కొన్ని గైడ్లయితే ఏకంగా "రాజుతో ఒప్పందం" అని రాసేస్తాయి.

2. అయినా సార్వభౌముడు చంపడానికి వస్తే ఎదిరించొచ్చు. ప్రాణరక్షణ హక్కును హాబ్స్ చెప్పే మనిషి వదులుకోడు.

3. లాక్ (టూ ట్రీటిసెస్ ఆఫ్ గవర్నమెంట్, 1689): ముందు సమాజం ఏర్పడుతుంది. తర్వాతే ప్రభుత్వానికి అధికారం, అదీ నమ్మకం మీద. ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి కాపాడకపోతే అధికారం తిరిగి జనానిదే. ప్రభుత్వం పోయినా సమాజం నిలుస్తుంది. హాబ్స్ దగ్గర సార్వభౌముడు పోతే మళ్ళీ అందరితో అందరి యుద్ధమే.

పరీక్షలో జవాబు మొదటి పాయింటుతోనే మొదలుపెట్టండి.