పండగ ఖర్చుకు కార్డా, కుదువా?

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. ఆయన ప్రైవేటు ఉద్యోగి, నేను స్కూల్లో టీచర్‌ని. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 58 వేలు. ఇంటి లోన్ ఈఎంఐ 17 వేలు పోతుంది. పోయిన డిసెంబరు, జనవరి నెలల్లో చుట్టాలు, పండగ కలిపి 70 వేల దాకా ఖర్చయింది. అందులో 35 వేలు క్రెడిట్ కార్డు మీద గీకాం. ఆ బాకీ తీరేసరికి ఆగస్టు వచ్చింది. ఈసారి వైకుంఠ ఏకాదశికి మా పెద్దాడపడుచు వాళ్ళు ఎనిమిది మంది వస్తామన్నారు. పైగా మా అమ్మాయికి పెళ్ళయ్యాక ఇదే తొలి సంక్రాంతి. అల్లుడికి ఉంగరం పెట్టాల్సిందేనని మా అత్తగారు అంటున్నారు. బ్యాంకులో 40 వేలున్నాయి. కార్డు వాడమంటారా, నా గాజులు కుదువ పెట్టమంటారా? పండగంటే నాకు చాలా ఇష్టం. కానీ నెల ముందు నుంచే టెన్షన్ మొదలవుతోంది. మా వీధిలో ఒకామె పండగ చీటీ కడుతున్నారు. వచ్చే ఏడాదికి అందులో చేరొచ్చా?

జవాబు: కార్డూ వద్దు, కుదువా వద్దమ్మా. మీ చేతిలో ఉన్న డబ్బుతోనే ఈ పండగ హాయిగా జరుగుతుంది. ఎలాగో చెబుతాను.

మీరు 70 వేలనూ కలిపి ఒకే ఖర్చుగా రాశారు. తిరుపతిలో కాపురం ఉండేవాళ్ళకు ఈ రెండు నెలల్లో ఎప్పుడూ రెండు వేరువేరు ఖర్చులుంటాయి. ఒకటి సంక్రాంతి. రెండోది కొండకొచ్చే చుట్టాలు. సంక్రాంతికి అందరం ఎంతో కొంత దాస్తాం. చుట్టాల కోసం ఎవరూ విడిగా దాయరు. ధనుర్మాసం మొదలైనప్పటి నుంచి ఒకరి వెనక ఒకరు వస్తారు. పాలు, కూరగాయలు, ఆటోలు, బయటి టిఫిన్లు, వెళ్ళేటప్పుడు చీరలు. ఏ రోజు ఖర్చు ఆ రోజు చిన్నదే అనిపిస్తుంది. పండగకు బట్టలు కొనే వేళకు చేతిలో ఏమీ మిగలదు, అప్పుడు కార్డు బయటికొస్తుంది. అందుకే చుట్టాల ఖర్చును పండగ నుంచి విడదీసి, దానికో మొత్తం ముందే రాసుకోండి. తిరుపతిలో నా దగ్గరకొచ్చే కుటుంబాలకు నేను మొదట చెప్పే మాట ఇదే.

ఇప్పుడు ఆ ఎనిమిది మంది సంగతి. వాళ్ళు వస్తున్నది స్వామి దర్శనానికి. మీ ఇంట్లో వాళ్ళకు కావాల్సింది తెల్లవారుజామున వేడినీళ్ళు, పడుకోవడానికి చోటు, కొండ దిగి వచ్చాక వేడిగా ఇంత సాంబారన్నం. టెంపో మాట్లాడటం, హోటల్‌కు తీసుకెళ్ళడం, అందరికీ చీరలు కొనడం మొహమాటం కొద్దీ మనం మన మీద వేసుకునే బరువులు. మీ వారిని ఈ వారంలోనే వాళ్ళ అక్కకు ఫోన్ చేయమనండి. మీరు చేస్తే మాట వేరేగా వినిపించవచ్చు, తమ్ముడు చెబితే ఆమెకు తేలిగ్గా ఉంటుంది. "అక్కా, ఇల్లు మీది, భోజనం, పడక మేం చూసుకుంటాం. దర్శనం టికెట్లు, కొండ మీదికి బస్సు మీరు చూసుకోండి" అంటే చాలు. ముందే చెబితే ఎవరూ నొచ్చుకోరు. బస్టాండులో నిలబడ్డాక పర్సు తీయకపోతేనే ఇబ్బంది.

అదే ఫోన్‌లో టికెట్లున్నాయా లేవా అని కూడా అడగమనండి. వైకుంఠ ద్వారం 10 రోజులు తెరిచి ఉంచుతారు. ఆ రోజుల్లో రద్దీ ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. టికెట్ గానీ టోకెన్ గానీ లేకుండా వస్తే మూడు రోజుల మకాం ఆరు రోజులవుతుంది. ఎక్కువ డబ్బిస్తే దర్శనం చేయిస్తానన్న దళారి మాట నమ్మితే ఆ డబ్బు పోయినట్టే. టికెట్లు దొరక్కపోతే వాళ్ళను సంక్రాంతి వెళ్ళాక జనవరి చివర్లో రమ్మనండి. అప్పుడు దర్శనమూ ప్రశాంతంగా అవుతుంది, మీకూ వాళ్ళతో కూర్చుని మాట్లాడుకునే తీరిక ఉంటుంది. కొండ మీద తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో భోజనం ఉచితం. అలిపిరి నుంచి నడిచి వెళ్ళేవాళ్ళ సామాను దేవస్థానమే ఉచితంగా పైకి చేరుస్తుంది. ఈ రెండూ ఊళ్ళో వాళ్ళమైన మనం గట్టిగా చెబితేనే చుట్టాలు వాడుకుంటారు. ఆడపడుచుకు చీర పెట్టడం మీ ఇంటి ఆనవాయితీ అయితే ఆమెకు పెట్టండి. మిగిలిన ఆడవాళ్ళకు పసుపు కుంకుమ, రవికె గుడ్డ నిండుగా సరిపోతాయి.

కార్డు ఎందుకు వద్దంటున్నానో పోయినేడాది మీ లెక్కతోనే చూపిస్తాను. 35 వేల బాకీ మీద నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుందాం. చాలా కార్డుల మీద దాదాపు ఇంతే ఉంటుంది. మొదటి నెల వడ్డీ 1,225 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ మరో 220. కట్టాల్సిన కనీస మొత్తం 5 శాతమైతే మీరు కట్టేది 1,750. అందులో అసలుకు పోయేది 305 రూపాయలు మాత్రమే! పైగా పాత బాకీ ఉన్నన్నాళ్ళూ కొత్తగా కొన్న వాటి మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఆగస్టుకల్లా తీర్చారంటే మీరిద్దరూ ఎంత బిగబట్టుకుని ఉంటారో నేను ఊహించగలను. "నో కాస్ట్ ఈఎంఐ" అని ఊరించినా ఆగండి. వడ్డీని డిస్కౌంట్‌గా చూపించినా, ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మన మీదే పడతాయి. కార్డు యాప్‌లో ఆన్‌లైన్ లావాదేవీలను ఆపేసే వీలుంటుంది. కనుమ వెళ్ళేదాకా ఆపేయండి.

ఇక ఉంగరం. గాజులు కుదువ పెట్టి ఉంగరం కొనడమంటే బంగారం మీద అప్పు చేసి బంగారం కొనడం. 50 వేల బిల్లు అనుకోండి. తరుగు, మజూరీ కలిపి 10 శాతమే వేసినా, ఆపైన 3 శాతం జీఎస్టీతో కలిపి సుమారు 5,900 రూపాయలు కొన్న రోజే పోతాయి. అప్పు మీద నూటికి రూపాయి వడ్డీ అయినా ఏడాదికి 6 వేలు. అంటే ఆ ఉంగరం అల్లుడి వేలికి ఎక్కిన ఏడాదికి మీ ఇంటి నుంచి 12 వేల దాకా ఊరికే వెళ్ళిపోతుంది. వడ్డీ కట్టలేకపోతే గాజులకే ఎసరు.

ముందు మీ అమ్మాయితో మాట్లాడండి. అమ్మ గాజులు కుదువ పెట్టిందని తెలిస్తే ఏ కూతురికీ ఓళిగ ముద్ద దిగదు. అల్లుడి మనసు కూడా ఆమెకే బాగా తెలుసు. ఇద్దరికీ మంచి బట్టలు పెట్టండి, నలుగు పెట్టి తలంటు పోయండి, ఇష్టమైనవి వండిపెట్టండి. మర్యాదలో ఏ లోటూ రాదు. ఉంగరం పెట్టాలన్న ముచ్చట మీకూ ఉంటే, నెలనెలా కొంత దాచి వాళ్ళ పెళ్లిరోజుకో ఆ తర్వాతి సంక్రాంతికో పెట్టండి. మీ అత్తగారికి పైన రాసిన లెక్కే కాగితం మీద వేసి చూపించండి. పెద్దవాళ్ళు వడ్డీ సంగతి మనకంటే బాగా ఎరుగుదురు.

ఈసారి మొత్తం ఖర్చుకు 30 వేలు గీత గీసుకోండి. బ్యాంకులోని 40 వేలల్లో 15 వేలు తీయండి, మిగిలిన 25 వేలు ఆసుపత్రి లాంటి అవసరాలకు కదలకుండా ఉండాలి. డిసెంబరు, జనవరి జీతాల నుంచి ఏడున్నర వేల చొప్పున మరో 15 వేలు. ఇందులో చుట్టాలకు 9 వేలు, మీ ఇంట్లో వాళ్ళ బట్టలకు 8 వేలు, అమ్మాయికీ అల్లుడికీ 8 వేలు, పిండివంటలకు 3 వేలు, చేతిలో అట్టిపెట్టుకోవడానికి 2 వేలు. ఈ డబ్బును విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో వేసి, ఫోన్‌పే అయినా గూగుల్ పే అయినా ఈ రెండు నెలలూ ఆ ఖాతా నుంచే కట్టండి. బ్యాలెన్స్ చూస్తే ఎంత మిగిలిందో ఇంట్లో అందరికీ తెలుస్తుంది. రోజూ చిట్టా రాయక్కర్లేదు.

పిండివంటల దగ్గర కూడా మీ ఒంటికి శ్రమ తగ్గించుకోండి. స్కూలుకు వెళ్ళొచ్చి అరిసెలు, నిప్పట్లు, మురుకులు, కజ్జికాయలు అన్నీ చేయాలంటే నడుం పడిపోతుంది. రెండు రకాలు చాలు. మన చిత్తూరు వైపు చలికాలం అసలు రుచి అనపకాయల్లో ఉంది కదా. రాత్రి గింజలు నానబెట్టి, పొద్దున అందరూ చుట్టూ కూర్చుని పితుకుతుంటే పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా పని దొరుకుతుంది, కబుర్లూ నడుస్తాయి. పితికిపప్పు కూర, రాగి సంగటి పెట్టి చూడండి, హైదరాబాద్ నుంచి వచ్చిన చుట్టమైనా హోటల్ ఊసెత్తడు. ఉడకబెట్టిన గెణుసుగడ్డలు, చెరకు ముక్కలు, వేయించిన వేరుశనక్కాయలు సాయంత్రానికి సరిపోతాయి.

మన ఊళ్ళో ఈ నెలంతా డబ్బు పెట్టకుండా దొరికే సంతోషాలు చాలా ఉన్నాయి. ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపిస్తుంది. కింద అన్నమాచార్య కళామందిరంలో తిరుప్పావై ప్రవచనాలు జరుగుతాయి. మీ అత్తగారిని తీసుకెళ్ళండి. వానలు బాగా పడిన ఏడాది కపిలతీర్థంలో జలపాతం ఇంకా దూకుతూ ఉంటుంది. చంద్రగిరి కోటకు ఒక పూట చాలు, అన్నం కట్టుకుని వెళ్ళొచ్చు. కనుమ సాయంత్రం దగ్గర్లో ఏదైనా పల్లెలో మీవాళ్ళుంటే అమ్మాయినీ అల్లుడినీ తీసుకెళ్ళి పశువుల పండగకు వేసే చిట్లాకుప్ప మంట చూపించండి. జనవరి 1న మాత్రం ఇంటిపట్టునే ఉండండి. ఆ రోజు కొండంతా బయటి ఊళ్ళ జనమే, మనం ఇంకో రోజు వెళ్ళొచ్చు.

పండగ చీటీ గురించి అడిగారు. రిజిస్టరు చేయని చీటీకి చట్టం అండ ఉండదు. నడిపే ఆమె ఎంత మంచి మనిషైనా, కట్టిన నలుగురు మధ్యలో మానేస్తే సరుకులూ రావు, డబ్బూ రాదు. దానికి బదులు ఫిబ్రవరి మొదట్లో జీతం పడగానే, 11 నెలల గడువు ఇచ్చే బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ మీ పేరు మీద తెరవండి. నెలకు 2,500 చొప్పున కడితే ఆరు శాతం వడ్డీ అనుకున్నా వచ్చే సంక్రాంతి ముందు 28 వేల పైచిలుకు చేతికొస్తుంది. ఖాతా నుంచి నేరుగా కట్ అయ్యేలా, జీతం పడిన మర్నాటి తేదీ పెట్టించండి. ఉంగరానికి దాచదలిస్తే వెయ్యి రూపాయలతో ఇంకొకటి విడిగా తెరవండి, ఈ రెండూ కలపొద్దు.