ప్లేటో రథానికి రథికుడు లేడు

ప్రశ్న: కఠోపనిషత్తులో శరీరాన్ని రథంతో పోల్చారు. గ్రీకు తాత్త్వికుడు ప్లేటో కూడా రథం ఉపమానమే వాడాడని ఈమధ్య చదివాను. అయితే గ్రీకులు చెప్పిన ఆత్మా, మనం చెప్పుకునే ఆత్మా ఒకటేనా? ప్లేటో శిష్యుడైన అరిస్టాటిల్ మాత్రం దేహంతోపాటే ఆత్మ కూడా పోతుందన్నాడట. గురువు మాటను ఎందుకు కాదన్నాడు?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: రెండు రథాలనూ పక్కపక్కన నిలిపి చూస్తే మీ మొదటి సందేహం చాలావరకు తీరుతుంది. కఠోపనిషత్తులో శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, మనస్సు పగ్గాలు, బుద్ధి సారథి. ఆత్మ వీటిలో ఏదీ కాదు, రథంలో కూర్చున్న రథికుడు. ప్లేటో 'ఫీడ్రస్' సంభాషణలో వర్ణించిన రెక్కల రథంలో అలా కూర్చున్నవారెవరూ లేరు. సారథి, మాట వినే తెల్ల గుర్రం, మొరాయించే నల్ల గుర్రం, ఈ మూడూ కలిసినదే ఆత్మ. శరీరానికి అక్కడ రథం స్థానం కూడా దక్కలేదు. రెక్కలు రాలి కిందికి జారిన ఆత్మకు అది తరువాత తగులుకుంటుంది. ఉపనిషత్తు ఆత్మకు వెలుపల ఉంచిన బుద్ధిని ప్లేటో ఆత్మలోనే ఒక భాగం చేశాడు, కోరికను కూడా అక్కడే పెట్టాడు.

అందుకు కారణాన్ని 'రిపబ్లిక్' నాలుగో భాగంలో వివరించాడు. దాహంతో ఉన్న మనిషి తాగాలని తహతహలాడుతూనే తాగకుండా తనను ఆపుకోగలుగుతున్నాడంటే, లాగేదీ ఆపేదీ ఒకటే కావడానికి వీల్లేదు. ఆ సందర్భంలోనే లియాంటియస్ అనే వ్యక్తి కథ చెబుతాడు. తలారి దగ్గర పడివున్న శవాలను చూడాలన్న కోరికతో అతడు చాలాసేపు పెనుగులాడి, చివరికి ఓడిపోయి, తనివితీరా చూసుకోండంటూ తన కళ్లనే తిట్టుకుంటూ అటు పరుగెత్తాడు. కోరికపై తిరగబడే ఆ రోషమే ప్లేటో లెక్కలో ఆత్మకు మూడో భాగం.

అసలు చిక్కు అనువాదంలోనే ఉంది. మనం అలవాటుగా 'ఆత్మ' అని రాసే 'ప్సూఖే' అన్న గ్రీకు మాటకు మూలంలో ఊపిరి, ప్రాణం అని అర్థం. 'ఒడిస్సీ' పదకొండో భాగంలో, చనిపోయిన తల్లిని ఒడిస్సియస్ మూడుసార్లు కౌగిలించుకోబోతే, మూడుసార్లూ ఆమె నీడలా చేతుల్లోంచి జారిపోతుంది. హోమర్ దృష్టిలో మరణం తరువాత మిగిలేది ఆ నీడ మాత్రమే. ఇనుమును కదిలిస్తుంది కాబట్టి అయస్కాంతానికి కూడా ప్సూఖే ఉందని తొలి గ్రీకు తాత్త్వికుల్లో ఒకడైన థేలీస్ అన్నట్లు అరిస్టాటిల్ రాశాడు. ఇలాంటి చోట్ల 'జీవం' అనడమే సరైనదని నా అభిప్రాయం. పునర్జన్మను నమ్మిన పైథాగరస్ దగ్గర మాత్రం 'ఆత్మ' అన్న మాట చక్కగా ఒదుగుతుంది.

ఇక అరిస్టాటిల్ సంగతి. ఆయనకంటే ముందే గట్టి అభ్యంతరాలను ప్లేటో స్వయంగా లేవనెత్తాడని గుర్తుంచుకోవాలి. క్రీ.పూ. 399లో తన గురువు సోక్రటీస్ విషం తాగిన రోజును చిత్రించిన 'ఫీడో'లో, తంత్రీవాద్యం విరిగితే దాని శ్రుతి కూడా పోతుంది కదా, దేహం నశిస్తే ఆత్మ మాత్రం ఎలా నిలుస్తుందని అక్కడున్న మిత్రుల్లో ఒకడైన సిమ్మియస్ అడుగుతాడు. ఎన్నో వస్త్రాలు నేసి, తొడిగి, చింపిన నేతగాడు కూడా ఆఖరి వస్త్రం ఇంకా చిరగకముందే చనిపోతాడు కదా, అలాగే ఎన్నో దేహాలు మార్చిన ఆత్మ కూడా ఏదో ఒకనాడు నశించవచ్చు కదా అని మరో మిత్రుడు సెబీస్ అడుగుతాడు. మరణం ముంగిట ఉన్న గురువును ఇంత నిర్భయంగా ప్రశ్నించనిచ్చినందుకే నాకు ఆ గ్రంథం మీద ఎనలేని గౌరవం.

అరిస్టాటిల్ ప్రశ్న వేసే తీరునే మార్చాడు. కన్నే ఒక ప్రాణి అయితే చూపే దాని ఆత్మ అవుతుందన్నాడు. మైనమూ దానిపై పడిన ముద్రా ఒకటేనా అని అడగనక్కరలేనట్లే, దేహమూ ఆత్మా ఒకటేనా అని కూడా అడగనక్కరలేదన్నాడు. చూపు కంటిని వదిలి వేరే చోట ఉండలేదు కాబట్టి, మీరు విన్న మాటలో కొంత నిజముంది. అయితే ఆత్మ అణువుల కూర్పు అనీ, మరణంతో చెదిరిపోతుందనీ తేల్చి చెప్పింది ఆయన తరువాతి గ్రీకు తాత్త్వికుడు ఎపిక్యూరస్. అరిస్టాటిల్ తన ఆత్మవిచార గ్రంథం మూడో భాగంలో, ఒక విధమైన క్రియాశీల బుద్ధి మాత్రం అమరమనీ నిత్యమనీ కొద్ది వాక్యాల్లో అని ముందుకు సాగిపోయాడు. ఆ బుద్ధి ఎవరికి వారిదా, మనుషులందరికీ కలిపి ఒకటేనా అన్నది ఆయన విడమరచి చెప్పలేదు. గ్రహణశక్తి అయిన బుద్ధి సైతం అందరికీ ఒకటేనని స్పెయిన్‌లోని కార్డోబాకు చెందిన ముస్లిం తాత్త్వికుడు ఇబ్న్ రుష్ద్ వ్యాఖ్యానిస్తే, దాన్ని ఖండించడానికే క్రైస్తవ తాత్త్వికుడు థామస్ అక్వినాస్ 1270లో ఒక ప్రత్యేక గ్రంథం రాయవలసి వచ్చింది.