తాతయ్య కాయితాల స్కానింగ్‌కి ఏం కొనాలంటే

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన కొటేషన్ చూశా. మొత్తం లక్షలో షాపువాడు 80 వేలు కంప్యూటర్‌కే రాశాడు, అందులో గ్రాఫిక్స్ కార్డొకటి, స్కానర్‌కి మాత్రం 6 వేలు. పెళ్లికొడుకు పట్టుబట్టలు తోడిపెళ్లికొడుక్కి కట్టబెట్టినట్టుంది. స్కాన్ చేసిన బొమ్మని అక్షరాలుగా మార్చే తెలుగు ఓసీఆర్‌కి ఆ కార్డు కావాలని చెప్పాడంటున్నావ్, టెసెరాక్ట్‌ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీగానే దొరుకుద్ది, దానికి తెలుగూ వచ్చు, మామూలు ప్రాసెసర్ మీదే నడుస్తది. గవర్నర్‌పేటలో సెకండ్ హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాప్ ఒకటి తీసుకుని 16 జీబీ ర్యామ్ వేయించుకో, చాలు, దాని గురించి ఇంక ఆలోచించకు.

ఇప్పుడు అసలు సంగతి. నేను మొదట్లో సన్నగా పలకలా ఉండే స్కానర్ కొన్నా, చౌకగా వచ్చిందని. బైండు పుస్తకాలు రెండు నెలలు కూర్చుని 1400 పేజీలు చేశాక అప్పుడు చూసుకున్నా, ప్రతి పేజీలో కుట్టు దగ్గర రెండేసి అక్షరాలు నీళ్లల్లో తడిసినట్టు అలుక్కుపోయినయ్. ఆ పల్చటి వాటిల్లో ఉండేది సీఐఎస్ సెన్సర్, కాయితం అద్దానికి అంటుకునుంటేనే దానికి కనపడుద్ది, కాస్త లేస్తే మసకే. సీసీడీ రకం లావుగా బరువుగా ఉంటది, కొంచెం ఎత్తులో ఉన్నా పట్టుకుంటది. షాపులో బాక్స్ మీద రాసింది నమ్మకు, అద్దం మీద ఒక పక్కన రూపాయి బిళ్లలు నాలుగు దొంతరగా పెట్టి, వాటి మీద అచ్చు కాయితం అంచు ఆనించి స్కాన్ చెయ్యమను. ఎత్తులో ఉన్న అక్షరాలు చదవగలిగితే తీసుకో. బాక్స్ మీద 9600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో ఆ లెక్క) అని పెద్దంకె ఉంటే అది సాఫ్ట్‌వేర్ సాగదీసిందయ్యుండొచ్చు, ఆప్టికల్, అంటే సెన్సర్ నిజంగా చూసేది, ఎంతో అడుగు.

మనకి 400 డీపీఐ చాలు. 200లో చేస్తే పాత చిన్నచ్చులో థ లోపలి చుక్క పోయి ధ అయి కూర్చుంటది, ఒత్తులు పూడుకుపోతయ్. అలాగని అన్నీ 600లో చేస్తే డిస్కు నిండటం తప్ప ఒరిగేదేం లేదు. పైనుంచి కాయితాలు లాక్కునే ఫీడర్ ఉందని మురిసిపోయి తాతయ్య నాటకాల కరపత్రాలు అందులో పెట్టావో, చిరిగాక నాకు చెప్పొద్దు.

ఆ పెద్ద జమాఖర్చు పుస్తకాలు మాత్రం ఏ ఫ్లాట్‌బెడ్ స్కానర్ అద్దం మీదా పట్టవు, బలవంతాన తెరిస్తే వెన్ను విరుగుద్ది. వాటికి కెమెరానే. 24 మెగాపిక్సెల్ కెమెరాతో ఏ3 పేజీ ఫ్రేమ్ నిండా తీస్తే 340 డీపీఐ దాకా వస్తది, సరిపోద్ది. స్టాండు, రెండు వైపులా 45 డిగ్రీల్లో రెండు లైట్లు, సగమే తెరుచుకునే పుస్తకం రెండట్టలూ ఆనేట్టు వడ్రంగి చేత ప్లైవుడ్ ఊయల. పైన ట్యూబులైటు ఆర్పెయ్యి, పేజీ మీద అద్దం వేస్తే అది మెరుస్తది.

మిగిలిన డబ్బులు డిస్కులకి. 400లో కలర్ ఏ4 టిఫ్ (కుదించని బొమ్మ ఫైలు) ఒక్కోటి 46 ఎంబీ, పదివేల పేజీలకి 460 జీబీ అన్నమాట, కరెక్షన్ చేసిన కాపీలు కూడా కలిపితే దానికి రెట్టింపు. అందుకని 2 టీబీ హార్డ్ డిస్కులు రెండు, వేరువేరు కంపెనీలవి తీసుకో. ఎస్‌ఎస్‌డీని కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పెట్టి దాని మీద ఆశ పెట్టుకోకు, రాసింది చెరిగిపోవచ్చు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ ముంచినప్పుడు మా ఫ్రెండొకాయన ఇంట్లో కంప్యూటరూ, పక్క అరలో బ్యాకప్ డిస్కూ ఒకే నీళ్లల్లో నానినయ్. ఒక డిస్కు గుంటూరు బ్రాడీపేటలో మీ ఇంట్లో ఉంచు, రెండోది విజయవాడ పటమటలో నా దగ్గర పెట్టు, నెలకోసారి నేనే వచ్చి మార్చుకుపోతా, పనిలో పని మీ అమ్మ చేసే గోంగూర పచ్చడి కూడా. యూపీఎస్ మర్చిపోకు.

అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదుగా? ముందు టేపు తీసుకుని అన్నిటికన్నా పెద్ద పుస్తకం పొడుగూ వెడల్పూ కొలిచి, బలవంతం చెయ్యకుండా ఎంతవరకు తెరుచుకుంటదో ఫోటో తీసి పంపు. ఆ పెద్దది మాత్రం ఒక్కదానివే దించకు, అట్ట ఊడిపోయి ఉంది.

మీ బాబాయి