అత్తయ్యగారి స్కోరు పెరిగింది, పప్పు మాడింది

ప్రశ్న: మా అత్తయ్యగారికి 71 ఏళ్లు. జిల్లా పరిషత్ హైస్కూల్లో హిందీ పండిట్‌గా చేసి రిటైరయ్యారు. న్యూజెర్సీలో ఉండే మా మరిది పోయినసారి వచ్చినప్పుడు ఒక ట్యాబ్ కొని, అందులో మెదడుకు పదును పెట్టే యాప్ వేసి, ఏడాది చందా కట్టి వెళ్లాడు. రోజూ భోజనం అయ్యాక గంటసేపు ఆడతారు. స్కోరు మొదట్లో కంటే రెండింతలైంది. కానీ మొన్న కుక్కర్ పెట్టి మర్చిపోయి హాల్లో కూర్చున్నారు, పప్పు మాడి బొగ్గయింది. ఒకే మాట రెండేసి సార్లు అడుగుతున్నారు. భజనకు వెళ్లడం మానేశారు. అడిగితే "ఆ గోలలో ఏముంది" అంటారు, ఇంట్లో టీవీ మాత్రం వీధి గుమ్మం దాకా వినపడేలా పెడతారు. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో మా మరిది "అమ్మా, ఈ వారం స్కోరెంత?" అంటాడు. తగ్గితే ఆ రాత్రి ఆవిడకు టెన్షన్‌తో నిద్ర ఉండదు. ఈ యాప్ ఆడితే అల్జీమర్స్ రాదని అతని నమ్మకం. నిజమేనా? ఆడించమంటారా, మాన్పించమంటారా? వచ్చే నెల మళ్లీ చందా కట్టాలి.
– పేరు వద్దన్నారు, కాకినాడ

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. రెండోసారి టీవీ దగ్గర ఆగిపోయాను. ఆ సంగతి తర్వాత చెబుతాను, ముందు మీరడిగిన దానికి జవాబు.

ఏ యాప్ అయినా ఆడితే అల్జీమర్స్ రాదని ఎవరూ రుజువు చేయలేదు. వయసుతో వచ్చే మతిమరుపును ఆపుతుందన్నట్టు తగిన ఆధారం లేకుండా ప్రకటనలు ఇచ్చారని లుమోసిటీ అనే యాప్ వాళ్ల మీద, అక్కడ వినియోగదారుల తరఫున మోసపు ప్రకటనల పని పట్టే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. 2016లో వాళ్లు 20 లక్షల డాలర్లు కట్టి రాజీకి వచ్చారు. మీ మరిది ఉండేది ఆ దేశంలోనే కాబట్టి ఈ మాట చెప్పి చూడండి.

మరి స్కోరు ఎలా పెరిగిందంటారా? ఆట అలవాటైంది, అంతే. రోజూ ముగ్గు పెడితే ముగ్గులో చెయ్యి తిరుగుతుంది గానీ వీణ రాదు కదా. 2010లో బ్రిటన్‌లో 11 వేల మందికి పైగా ఆరు వారాలపాటు ఇలాంటి ఆటలు ఆడించి చూశారు. ఆడిన ఆటల్లో మెరుగయ్యారు, ఆడని పరీక్షల్లో ఆ మెరుగు కనపడలేదు. వాళ్లంతా 60 లోపు వాళ్లే, అది ఒప్పుకోవాలి.

పెద్దవాళ్లతోనే చేసిన పెద్ద ప్రయోగం అమెరికాలోని 'యాక్టివ్'. 65 ఏళ్లు, ఆ పైబడినవాళ్లు 2,832 మంది. ఒక జట్టుకు జ్ఞాపకశక్తి కిటుకులు, ఒక జట్టుకు తర్కం నేర్పారు. మూడో జట్టుకు చూపు చురుకు: తెర మధ్యలో వచ్చింది కారా, ట్రక్కా అని గుర్తుపడుతూనే, అంచున ఇంకో బొమ్మ ఎక్కడ మెరిసిందో చెప్పాలి. పదేళ్ల తర్వాత చూస్తే జ్ఞాపకశక్తి జట్టుకు వచ్చిన లాభం నిలవలేదు, మిగతా రెండు జట్లకు నిలిచింది. ఏమీ నేర్పని జట్టు కంటే చూపు జట్టులో డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) ముప్పు 29 శాతం తక్కువని 2017లో ఒక విశ్లేషణ వచ్చింది. నేనూ ఆశగా చదివాను. కానీ డిమెన్షియా ఉందా లేదా అన్నది అందులో డాక్టర్లు ఒక్కొక్కరిని పరీక్షించి తేల్చింది కాదు. పైగా అది ఐదారు వారాల్లో పది క్లాసులు, నేర్పేవాళ్లు ఎదురుగా ఉండి చేయించినది, కొందరికి తర్వాత మరికొన్ని క్లాసులు. భోజనం చేసి ఆవలిస్తూ ట్యాబ్ నొక్కడాన్ని దాంతో పోల్చలేం. యాప్ మోసమని అనను, మందని కూడా అనను. ఆవిడకు సరదా అయితే ఆడుకోనివ్వండి.

ఇప్పుడు టీవీ సంగతి. కుక్కర్ మర్చిపోయారన్నారు. నిజంగా మర్చిపోయారా, లేక హాల్లోకి విజిల్ వినపడలేదా? రెండోసారి అడిగింది మొదటి జవాబు మర్చిపోయా, అసలు చెవిన పడకా? భజన 'గోల' అయింది కూడా అందుకేనేమో.

మా నాన్నగారు తెనాలిలో ధాన్యం కొట్లో గుమాస్తాగా పద్దులు రాసిన మనిషి. ఆయనకు 78 ఏళ్లప్పుడు మతి తప్పుతోందని నేనే తేల్చేశాను. రోజూ మతిమరుపు పరీక్షలు చేసే సైకాలజిస్టుని, నేనే! ఒక ట్యాబ్ కొనిచ్చాను. అంకెల ఆటలో మనవళ్లను ఓడించేవారు. అదే మనిషిని "మందు వేసుకున్నారా?" అంటే "సందులో ఎవరున్నారు?" అనేవారు. అమ్మ నవ్వేది, నేను నోట్సు రాసుకునేదాన్ని. చివరికి చెవి డాక్టరు దగ్గర అరగంట పరీక్షతో తేలిపోయింది. రెండు చెవులకూ మిషన్లు పెట్టించాక నెల తిరక్కుండా మళ్లీ పేకాటకు కూర్చున్నారు. నాకు సిగ్గేసింది.

లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో ఇచ్చిన జాబితాలో డిమెన్షియా ముప్పు పెంచే, మనం సరిదిద్దుకోగల అంశాలు 14 ఉన్నాయి. వినికిడి లోపం అందులో ముఖ్యమైనది. చూపు తగ్గడం, బీపీ, షుగర్, కొలెస్టరాల్, ఒంటరితనం కూడా ఉన్నాయి.

అందుకని ముందు ఈఎన్‌టీ దగ్గర ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించండి. గుబిలి అడ్డుపడినా ఇలాగే ఉంటుంది. బీ12, థైరాయిడ్, షుగర్ రక్తపరీక్షలు చేయించి, బీపీ చూపించండి. శాకాహారులైతే బీ12 అస్సలు వదలొద్దు. ఆవిడ వేసుకునే మాత్రల షీట్లన్నీ సంచిలో వేసుకెళ్లండి. నిద్రమాత్రలు, కొన్ని జలుబు, ఎలర్జీ మాత్రలు మతిని మబ్బు చేస్తాయి. ఇవన్నీ సరిచేసినా మాట మళ్లీ మళ్లీ అడుగుతుంటే న్యూరాలజిస్టుకు చూపించండి. ప్రశ్నలన్నీ తెలుగులోనే అడిగే పరీక్షలున్నాయి, ఇంగ్లిషు రాదన్న బెంగ అక్కర్లేదు.

ఇంకో మాట. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక ఫలితం ప్రకటించారు. ఒకే భాష తెలిసినవాళ్ల కంటే రెండు భాషలవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వాళ్లలోనూ ఆ తేడా ఉంది. మూడో భాష వస్తే ఇంకా లాభం అనేమీ తేలలేదు. భాషే కారణమని దీన్నిబట్టి గట్టిగా చెప్పలేం, కానీ హిందీ పండిట్‌ని ఇంట్లో పెట్టుకుని ట్యాబ్‌కు అప్పగించడం నాకు నచ్చలేదు. మీ వీధిలో హిందీ పరీక్షంటే ఏడ్చే పిల్లలు ఇద్దరుండరా? సాయంత్రం ఆవిడ దగ్గర కూర్చోబెట్టండి. వాళ్ల తప్పులు దిద్దడం, గద్దించడం, ఎవరికి ఏ పాఠం దాకా వచ్చిందో గుర్తుపెట్టుకోవడం ఆవిడకు చేతనైన పనులే.

చందా విషయానికొస్తే, ఆ డబ్బు ఆడియోగ్రామ్‌కు పెట్టమని మీ మరిదితో చెప్పండి. ఆటోమేటిక్‌గా కట్ అయ్యేలా పెట్టి ఉంటే ముందే ఆపించండి. ఆదివారం స్కోరు అడగడం మాత్రం ఈ వారం నుంచే మానెయ్యమనండి. ఏం మాట్లాడాలో తోచకపోతే ఆ మాడిన పప్పు సంగతే అడగమనండి, ఆవిడ వైపు కథ మీరూ వినలేదు.

చెవి డాక్టరు గదిలోకి మీరూ వెళ్లండి. వినపడని ప్రశ్నకు కూడా పెద్దవాళ్లు తలూపేస్తారు. మా నాన్నగారు నాలుగింటికి ఊపారు.