కుంటలో జిలేబీల బెడద: అమెరికా బాస్ చేప వేస్తే పోతుందా?

ప్రశ్న: మా అర ఎకరం కుంటకు హంద్రీ-నీవా కాలువ నీళ్లు పెట్టుకుంటాం. నిరుడు బొచ్చె, రోహు పిల్లలు వదిలాం. కాలువ నీళ్లతో జిలేబీ చేపలు (తిలాపియా) వచ్చి కుంటంతా నిండిపోయాయి. ఒక్కటీ అరచేతిని మించదు, రోహు ఎదగడం లేదు. అమెరికాలో చెరువుల్లో బాస్ చేపలు వేసి చిన్న చేపలను అదుపు చేస్తారని యూట్యూబ్‌లో చూశాను. ఆ పిల్లలు ఎక్కడ దొరుకుతాయి?
– ఒక రైతు, బెళుగుప్ప మండలం, అనంతపురం జిల్లా

జవాబు: బాస్ ఆలోచన మానుకోండి. కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా విదేశీ చేపను తెచ్చి పెంచకూడదు. ఎవరైనా పిల్లలు ఇస్తామన్నా తీసుకోవద్దు. జపాన్‌లో 1925లో ఆషి సరస్సులో వదిలిన ఈ చేప దేశమంతా పాకి స్థానిక చేపలను మింగేసింది. 2005 నుంచి అక్కడ దాన్ని పెంచడం, తరలించడం నిషేధం. మీ కట్ట తెగితే ఆ చేప వాగు పట్టి పెన్నకు చేరుతుంది.

అయితే అమెరికా రైతుల పద్ధతిలో పనికొచ్చే విషయం ఒకటుంది: వేటచేపకూ, అది తినే చేపకూ మధ్య లెక్క. వాళ్లు ఎకరాకు సుమారు వెయ్యి బ్లూగిల్ (బాస్‌కు తిండిగా పెంచే చిన్న చేప) పిల్లలను ముందు వదిలి, కొన్ని నెలల తర్వాత వంద బాస్ పిల్లలను వదులుతారు. బాస్ తక్కువైతే బ్లూగిల్ కిక్కిరిసి గిడసబారుతుంది. ఎక్కువైతే బాస్‌కే తిండి చాలదు. అప్పుడు గాలానికి పడిన చిన్న బాస్‌లను తిరిగి వదలకుండా వండుకుంటారు. వాళ్ల సరదా వేట వెనక ఈ లెక్కంతా ఉంది.

మీ కుంట సంగతి వేరు. వేటచేప తన నోట్లో పట్టే చేపనే తింటుంది. అరచేతంత జిలేబీని చిన్న కొరమీను ఏం చేస్తుంది? పైగా ఆడ జిలేబీ గుడ్లను నోట్లో దాచుకుని పొదుగుతుంది, రెండు మూడు నెలల వయసుకే గుడ్లు పెట్టే దశకు వస్తుంది. పెద్దవి ఉన్నంతకాలం ఏ వేటచేప వేసినా ఖర్చు దండగే. 1952లో మన దేశానికి తెచ్చిన ఈ చేపతో చెరువుల వాళ్లు అప్పటి నుంచీ ఇదే బాధ పడుతున్నారు.

కాబట్టి ముందు కుంట ఖాళీ చేయండి. వేసవిలో నీరు తగ్గాక బొచ్చె, రోహులను పట్టి అమ్మేయండి. అడుగు లోతు నీరు మిగిలితే అర ఎకరానికి సుమారు 150 కిలోల ఇప్ప చెక్క (ఇప్ప గింజల నూనె తీశాక మిగిలే పిండి, చేపలకు విషం) నానబెట్టి చల్లండి. చచ్చిన చేపలను వెంటనే ఏరేయాలి. మూడు వారాలదాకా కొత్త పిల్లలు వేయొద్దు. కుంటను పూర్తిగా ఎండబెట్టగలిగితే చెక్క ఖర్చే ఉండదు, నేనైతే అదే చేయమంటాను. తర్వాత కాలువ గొట్టానికి సన్నకన్ను వల కట్టాకే నీళ్లు పెట్టండి. అసలు లోపం అక్కడే ఉంది.

ఇంత చేసినా కొన్ని గుడ్లు, పిల్లలు వస్తాయి. వాటికి కొరమీను మంచిది. రోహు, బొచ్చె 100 గ్రాములు దాటాక నాలుగైదు అంగుళాల కొరమీను పిల్లలను ఒకే సైజువి ఏరి కొద్దిగా వదలండి. సైజు తేడా ఉంటే ఒకదాన్నొకటి తినేస్తాయి.

పండుగప్ప అనే సముద్రపు వేటచేప కూడా మంచినీటిలో పెరుగుతుంది. మంచినీటిలో ఈనదు కాబట్టి సంఖ్య మీ చేతిలోనే ఉంటుంది. కానీ పిల్ల ఖరీదు ఎక్కువ, ఏడాది పొడవునా నీరుండాలి. కాలువ నీళ్ల మీద నమ్మకం లేకుండా దాని జోలికి వెళ్లొద్దు.

కొరమీను వేస్తే మాత్రం వానలు మొదలవకముందే గట్టు చుట్టూ వల కట్టండి. గాలి పీల్చే చేప, తడి నేల మీద పాకుతూ పక్క మడిలోకి పోతుంది.