ఫ్యూయల్ సెల్‌లో ప్లాటినం బదులు కార్బన్ నానోట్యూబులు పనికొస్తాయా?

క్షార ద్రావణంలో పనికొస్తాయి. ఆమ్లంలో మాత్రం ఇంకా ప్లాటినమే ముందుంది.

హైడ్రోజన్, ఆక్సిజన్‌లను కలిపి కరెంటు పుట్టించే పరికరమే ఫ్యూయల్ సెల్. అందులో హైడ్రోజన్ తన ఎలక్ట్రాన్లను చాలా తేలిగ్గా వదిలేస్తుంది. అసలు చిక్కంతా ఆక్సిజన్ వైపే. ఆక్సిజన్ అణువులోని గట్టి బంధాన్ని తెంచి, నాలుగు ఎలక్ట్రాన్లు అందిస్తేగానీ నీరు తయారవదు. రెండే అందితే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టి సెల్‌ను పాడుచేస్తుంది. అందుకే ఉత్ప్రేరకంగా, అంటే చర్యను వేగవంతం చేయడానికి, వాడే ఖరీదైన ప్లాటినంలో ఎక్కువ భాగం ఈ వైపే పెట్టాల్సి వస్తోంది.

కార్బన్ పరమాణువులతో అల్లిన అతి సన్నటి గొట్టమే నానోట్యూబ్. మామూలు నానోట్యూబ్‌కి ఈ పని అంతగా చేతకాదు. కానీ దానిలో కొన్ని కార్బన్ పరమాణువుల చోట నైట్రోజన్‌ను చేరిస్తే, అది పక్కనున్న కార్బన్ నుంచి ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది. కొంచెం ధనావేశం వచ్చిన ఆ కార్బన్ ఆక్సిజన్‌ను పట్టుకుని బంధాన్ని బలహీనపరుస్తుంది. 2009లో అమెరికాలోని డేటన్ యూనివర్సిటీకి చెందిన లిమింగ్ డాయ్ బృందం, నిలువుగా పెంచిన ఇలాంటి గొట్టాలు క్షార ద్రావణంలో ప్లాటినం కన్నా బాగా పనిచేశాయని సైన్స్ పత్రికలో ప్రకటించింది. ప్లాటినాన్ని దెబ్బతీసే కార్బన్ మోనాక్సైడ్ వీటిని ఏమీ చేయలేకపోయింది. నా దృష్టిలో చవక కన్నా ఈ గుణమే విలువైనది.

అయితే ఆ గొట్టాలను ఇనుమున్న థాలోసయనిన్ అనే రసాయనంతో తయారుచేశారు. శుద్ధి చేశాక కూడా ఇనుము జాడలు మిగలొచ్చు కాబట్టి, "లోహం లేని ఉత్ప్రేరకం" అని ఎవరన్నా ముందు అది పరీక్షించాలి.

టయోటా మిరాయ్ లాంటి కార్లలో ఆమ్ల స్వభావమున్న పొర ఉంటుంది, అక్కడ వీటికి ఇప్పట్లో చోటు కష్టం. గాలిలోని ఆక్సిజన్‌ను వాడుకుంటూ క్షారంతో నడిచే జింక్-ఎయిర్ బ్యాటరీలు వీటికి సరిగ్గా సరిపోతాయి.