పల్లేరుకు దూరదేశపు చుట్టం

ప్రశ్న: అమెరికాలోని ఆరిజోనాలో చదువుతున్న మా అబ్బాయి ఒక నారింజరంగు పువ్వు ఫొటో పంపాడు. ఆకులు మా చంద్రగిరి పొలంగట్ల మీది పల్లేరు ఆకుల్లాగే ఉన్నాయి. హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కలను అట్టలకు అతికించి భద్రపరిచే చోటు) రికార్డుల ప్రకారం అది ఆగస్టు, సెప్టెంబరుల్లోనే ఎక్కువగా పూస్తుందనీ, కొన్ని కౌంటీలలో (మన జిల్లాల వంటివి) అసలు లేదనీ అంటున్నాడు. ఎండిన మొక్కలను చూసి అంత మాట అనవచ్చునా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ పోలిక సరైనదే. మీరు చెప్పినదాన్ని బట్టి అది కాల్‌స్ట్రోమియా గ్రాండిఫ్లోరా కావచ్చు. అక్కడివారు దాన్ని ఆరిజోనా పాపీ అంటారు గాని, అది గసగసాల కుటుంబానిది కాదు, పల్లేరు కుటుంబానిదే. పల్లేరుకాయ ముళ్లున్న ఐదు ముక్కలుగా విడిపోతుంది. దీని కాయ సాధారణంగా పది ముక్కలవుతుంది, వాటికి అలాంటి ముళ్లుండవు. చెప్పుల్లేకుండా గట్టు మీద నడిచినవారికి ఇది చిన్న తేడా కాదు.

నెలల సంగతి నమ్మవచ్చు. ఆ ఎడారి పచ్చికబయళ్లలో జూలై నుంచి సెప్టెంబరు దాకా పడే వానల తడికి మొలిచి, ఆ తడి ఆరేలోగా పూసి కాసే ఏకవార్షిక మొక్క అది. హెర్బేరియం షీటులో మొక్క కన్నా దాని పక్కన అతికించిన చీటీకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. సేకరించిన తేదీ, చోటు, నేల తీరు, ఎండితే వెలిసిపోయే పూవు రంగు, సేకరించినవారి పేరు, వారి వరుస సంఖ్య అందులోనే ఉంటాయి. తేదీ, చోటు లేని షీటు ఎంత అందంగా ఉన్నా పేరున్న ఎండుగడ్డే.

‘లేదు’ అన్న మాటను మాత్రం అంత సులువుగా ఒప్పుకోలేను. రికార్డు చెప్పేది ఆ రోజు ఆ దారిన ఒకరు వెళ్లి మొక్కను తెచ్చారనే. సేకరించేవారు ఎక్కువగా రోడ్ల వెంటే తిరుగుతారు; వానల తర్వాత ఎవరూ వెళ్లని కౌంటీ పటంలో ఖాళీగానే కనిపిస్తుంది. అదే కౌంటీ నుంచి అవే నెలల్లో వానకు మొలిచే ఇతర మొక్కలు బాగా సేకరించి ఉండి, ఇది ఒక్కటే లేకపోతే అప్పుడు ఆ లేమికి బలం వస్తుంది. ఒకే సేకరణకు చెందిన నకలు షీట్లను వేర్వేరు హెర్బేరియంలకు పంపే అలవాటు ఉంది గనుక, సేకరించినవారి పేరు, వరుస సంఖ్య, తేదీ కలిసినవాటిని ఒక్కటిగానే లెక్కించమనండి.

మన వైపు మొక్కల షీట్లు చూడాలంటే, 1853లో మొదలై ఇప్పుడు కోయంబత్తూరులో ఉన్న మద్రాసు హెర్బేరియం ఉంది. మీరే ఒకటి చేయదలిస్తే పువ్వూ కాయా రెండూ ఉన్న పల్లేరు కొమ్మను పాత వార్తాపత్రికల మధ్య బరువు కింద ఆరబెట్టి, సుమారు 42 × 28 సెంటీమీటర్ల అట్టకు అతికించండి. చీటీ మాత్రం కోసిన రోజే రాయండి. శేషాచలం అడవిలో అనుమతి లేకుండా కోయకూడదు, మీ పొలంగట్టు చాలు.